నాణెం మీద పులివేషం

సౌదీ అరేబియా వెళ్లొచ్చానంటే మా ఊళ్లో అందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు. అక్కడ బంగారం ఎంత, ఒంటె ఎక్కావా అని. నేను బంగారం కొట్టు గుమ్మం తొక్కలేదు. ఒంటె నన్ను దగ్గరికి రానివ్వలేదు. నేను అక్కడ తిరిగింది అలెగ్జాండర్ మీద ఒక పాత తగువు తేల్చుకోవడానికి. ఆ మాట ఎత్తగానే వినేవాళ్లు టీ గ్లాసు కింద పెట్టి లేచిపోతున్నారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం లేచిపోదు.

తగువు ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి. అమరావతిలో మ్యూజియానికి ఎదురుగా నాకు సైకిల్ షాపు ఉండేది. నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా పంచరుకీ పంచరుకీ మధ్య, శాఖా గ్రంథాలయం పుస్తకాలతో చదువుకున్నాను. ఒకరోజు ఎవరో పెద్ద ఆఫీసరు భార్యతో వచ్చాడు. బుద్ధుడి విగ్రహం చూసి బయటికొచ్చి, "ఆ వస్త్రం మడతలు చూశావా, అవి చెక్కడం మనవాళ్లకు గ్రీకులు నేర్పారు" అన్నాడు. నేను ఆయన అద్దెకు తీసుకున్న సైకిలుకి గాలి కొడుతున్నాను. కొట్టడం ఆపి, "మరి మా అమ్మమ్మకి కుచ్చిళ్లు పెట్టుకోవడం ఎవరు నేర్పారండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, ఇంగ్లీషులో ఏదో అని, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. సగం గాలితోనే వెళ్లాడు. నాకు మిగిలిన తృప్తి అదొక్కటే.

ఆ తర్వాత దేవుడు నాతో ఆడుకున్నాడు. మా అమ్మాయి సుజాతకి కుదిరిన సంబంధం రాజమండ్రిలో ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ ఇల్లు. అప్పగింతలప్పుడు అందరూ కళ్లు తుడుచుకుంటుంటే, నేనూ మా వియ్యంకుడూ పందిరి గుంజ దగ్గర నిలబడి, అలెగ్జాండర్ బియాస్ నది నుంచి ఎందుకు వెనక్కి పోయాడో వాదించుకుంటున్నాం. మా ఆవిడ అనసూయ వచ్చి నా కండువా పట్టుకుని లాక్కుపోయింది. ఆవిడ పోయి రెండేళ్లు దాటింది. అప్పటినుంచి లాగేవాళ్లు లేక నా తగువులన్నీ చివరిదాకా సాగుతున్నాయి.

జుబైల్: ముక్కు ఎవరిది

మా అల్లుడు రవి జుబైల్‌లో పెట్రోకెమికల్ ప్లాంటులో ఇంజనీరు. మనవరాలు పుట్టిందని, తాతలిద్దరికీ ఒకేసారి విజిట్ వీసా తీశాడు. వియ్యపురాలు మోకాళ్ల నొప్పులతో విమానం ఎక్కనంది. ఒక గదిలో రెండు మంచాలు, వాటి మీద మేమిద్దరం. ఆ ఏర్పాటు చేసినవాడు ఇంజనీరు ఎలా అయ్యాడో నాకు తెలియదు.

జుబైల్ స్కేలు పెట్టి గీసిన ఊరు. రోడ్డు మీద నడిచే మనిషి కనపడడు. నేను పొద్దున్నే నడకకు బయల్దేరితే కార్లు ఆపి, పాపం పెద్దాయన దారి తప్పాడని ఎక్కించుకోబోయేవాళ్లు. నీళ్ల సీసా ధర కంటే పెట్రోలు ధర తక్కువ. మా ఊళ్లో బావి తవ్వితే నీళ్లు పడ్డాయా అంటారు. ఇక్కడ నీళ్లు పడితే ఏడుస్తారేమో.

మనవరాలికి మూడో నెల వచ్చినా పేరు లేదు. తాతలు వచ్చాక పెడదామని ఆగారు. నాకు ఒకటే కోరిక, దానికి అనసూయ అని పేరు పెట్టాలని. ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచే గొంతు మళ్లీ వినాలని. అయితే పేరు పెట్టే హక్కు తండ్రి వైపు వాళ్లది. మా వియ్యంకుడు వాళ్లమ్మ పేరు, కామేశ్వరి, జేబులో పెట్టుకుని వచ్చాడు. వచ్చిన మొదటి రోజే పాప ముఖంలోకి వంగి, "చూశారా బావగారూ, ముక్కు మాదే. కోటేరేసినట్టు లేదూ? అసలు సిసలు గ్రీకు ముక్కండి" అన్నాడు.

పసిపిల్ల ముక్కులోకి కూడా గ్రీకుల్ని తెచ్చాడని నాకు ఒళ్లు మండింది.

"నక్షత్రం ప్రకారం 'అ' అక్షరం వచ్చింది. మా ఊరి సిద్ధాంతి చూశాడు" అన్నాను.

"మేషం, వృషభం అని రాశులు లెక్క పెట్టడం మనకి యవనులు నేర్పిందే కదండీ. గ్రీకుల్ని తిడుతూ గ్రీకు జాతకం చూపిస్తారేంటి?"

"ఈ దేశంలోకి అలెగ్జాండర్ అడుగే పెట్టలేదు. ఇక్కడికొచ్చి కూడా ఆయన భజన దేనికి?"

"ఆయన రాలేదు. ఆయన సరుకు వచ్చింది. ఈ చుట్టుపక్కలే థాజ్ అని ఆ కాలం నాటి పట్నం ఉంది. గ్రీకు వస్తువు ఒక్కటి చూపిస్తాను. పందెమా?"

అలా పడింది పందెం. శుక్రవారం నామకరణం. ఈలోగా ఈ తీరంలో గ్రీకుల బాణీ ఉన్న వస్తువు ఒక్కటి కనపడితే పాప కామేశ్వరి, లేకపోతే అనసూయ. నేను షరతు పెట్టాను, కళ్లతో చూడాలని. పుస్తకంలో ఉంది, ఇంకెక్కడో ఉంది అంటే కుదరదు. సుజాత పాపకి సాంబ్రాణి పొగ వేస్తూ అంతా విని, "నా పేరు పెట్టేటప్పుడు కూడా ఇలాగే కొట్టుకున్నారా నాన్నా?" అంది. లేదని చెప్పాను. నిజానికి మా మామగారితో మూడు వారాలు మాటల్లేవు.

థాజ్: కంచె ఇవతల

రవి ప్లాంటులో షట్‌డౌన్ నడుస్తోంది. అంటే ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేస్తారు. ఫ్యాక్టరీకి విశ్రాంతి, మనుషులకు లేదు. అందుకని మాకు ఒక టాక్సీ కుదిర్చాడు. డ్రైవరు మౌలాలి కడప జిల్లావాడు. చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. ఊరివాళ్లు దొరికితే నోటికి తాళం వేయడు.

దారంతా ఇసుక. మధ్యలో ఒంటెలు, కరెంటు స్తంభాలు. నేను అలెగ్జాండర్‌ని తిట్టడం మొదలుపెట్టాను. అరబ్బులు తన దగ్గరికి రాయబారం పంపలేదని ఆయనకి కోపం వచ్చిందట. పెళ్లికి పిలవలేదని ఊరి మీద పడినట్టు, ఈ దేశం మీదకి ఓడలు సిద్ధం చేయించాడు. బయల్దేరేలోపే జ్వరం వచ్చి పోయాడు.

"ఎవురు సార్ ఆయప్ప, అంతగా తిడతాండారు?" అన్నాడు మౌలాలి.

"అలెగ్జాండర్. మీవాళ్లు సికిందర్ అంటారే, ఆయన" అన్నాడు మా వియ్యంకుడు.

మౌలాలి అద్దంలోంచి నా వైపు చూశాడు. "మా తాత పేరే సికిందర్ సాయబు సార్. ప్రొద్దుటూరు దాటి పోయిందే లే. ఆయన్నేమీ అనాకండి."

వియ్యంకుడు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంటున్నాడు. ఆయన నవ్వితే భుజాలు కదులుతాయి. "గ్రీసు నుంచి ప్రొద్దుటూరుకి పేరు నడిచి వచ్చింది బావగారూ. దీన్ని వస్తువు కింద లెక్క వేస్తారా?"

"పేరు కళ్లకి కనపడదు" అన్నాను. లోపల మాత్రం కొంచెం కదిలింది.

థాజ్ చేరాక చూస్తే ఊరి పక్కన పొడుగ్గా కంచె. అవతల రాళ్ల వరసలు, మట్టి దిబ్బలు. ఒకప్పుడు సాంబ్రాణి, మిరియాలు మోసుకొచ్చే ఒంటెల బిడారులు ఆగిన పట్నం అది. లోపలికి వెళ్లాలంటే రియాద్ నుంచి అనుమతి కాగితం కావాలట. మా దగ్గర ఉన్నది సుజాత కట్టిచ్చిన పులిహోర.

కావలి ఉన్న ముసలాయన పేరు అబూ నాసర్. పేరంటే పేరు కాదు, నాసర్ తండ్రి అని అర్థం. అక్కడ పెద్దమనిషిని పెద్దకొడుకు పేరుతో పిలవడం మర్యాద. నీకెవరు పిల్లలని నన్ను అడిగితే మౌలాలి చెప్పాడు. నాకున్నది ఒక్కతే కూతురు. ఆయన కాసేపు ఆలోచించి, నన్ను "అబూ సుజాతా" అన్నాడు. మా వీధిలో నన్ను సైకిల్ షాపాయన అంటారు. ఇది బాగుందనిపించింది.

లోపలికి పంపలేనని చెప్పి, ఆ లోటు తీర్చడానికన్నట్టు గుడారం నీడలో తివాచీ పరిచి, ఖర్జూరాలు పెట్టి, గహ్వా పోశాడు. గహ్వా అంటే యాలకులు వేసిన పచ్చటి కాఫీ, పాలూ చక్కెరా ఉండవు. చిన్న గిన్నె. మన అలవాటు ప్రకారం ఇచ్చినదాన్ని వదిలితే అమర్యాద కదా, తాగేశాను. మళ్లీ పోశాడు. తాగేశాను. మళ్లీ పోశాడు. ఈయనకి నేనేం అపకారం చేశానా అనుకుంటూ తాగుతూనే ఉన్నాను. గుండె కుట్టుమిషనులా కొట్టుకోవడం మొదలైంది.

"గిన్నె ఊపల్ల సార్. ఊపితేనే చాలని అర్థం. ఊపకుంటే ఆయప్ప పోస్తానే ఉంటాడు" అన్నాడు మౌలాలి, తీరిగ్గా.

"ముందే చెప్పొద్దా?"

"మీకు ఇష్టమేమో అనుకుంటి."

అబూ నాసర్ కంచె అవతల ఒక దిబ్బ చూపించాడు. కొన్నేళ్ల కిందట అక్కడ తవ్వితే ఒక ఆడపిల్ల సమాధి బయటపడిందట. చిన్నపిల్ల. ముఖానికి బంగారు రేకుతో చేసిన ముసుగు, చేతికి బంగారు తొడుగు. మంచం కోళ్లకి ఆడబొమ్మలు పోతపోశారట. అవి పరదేశపు బాణీలో ఉన్నాయని తవ్వినవాళ్లు అనుకున్నారట.

"గ్రీకు బాణీ" అన్నాడు వియ్యంకుడు, తివాచీ మీద ముందుకు జరిగి. "ఇంకేం కావాలండీ?"

"మంచం ఎక్కడుంది?"

రియాద్‌కి తీసుకుపోయారని మౌలాలి చెప్పాడు.

"అయితే లెక్కలోకి రాదు. కళ్లతో చూడాలి."

"ఆ పిల్ల పేరేంటో అడుగు" అన్నాడు వియ్యంకుడు, మాట మార్చడానికన్నట్టు. మౌలాలి అడిగాడు. అబూ నాసర్ రెండు చేతులూ తిప్పి చూపించాడు. పేరు దొరకలేదు. అంత బంగారం పెట్టారు, పేరు ఎక్కడా లేదు.

మేమిద్దరం ఒకేసారి ఆ దిబ్బ వైపు తిరిగాం. మాకు అలా జరగడం అరుదు.

అప్పుడు అబూ నాసర్ ధూపం గిన్నె తెచ్చాడు. అతిథి లేచే ముందు ధూపం పట్టడం వాళ్ల ఆచారం. అచ్చంగా సుజాత పాప తలకి పొగ వేస్తున్నట్టే ఉంది. వియ్యంకుడు కళ్లజోడు తీసి తివాచీ మీద పెట్టి, కళ్లు మూసుకుని పొగ పట్టించుకుంటున్నాడు. నేను గహ్వా తాగిన పాపానికి అర్జెంటుగా లేవాల్సి వచ్చింది. లేచాను. కాలి కింద పటుక్కుమంది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"మీ కళ్లజోడు" అన్నాను.

ఆయన ఎక్కడో దూరంగా చూస్తున్నట్టు చూసి, నెమ్మదిగా అన్నాడు: "కళ్లతో చూడాలని షరతు పెట్టి, కళ్లు తొక్కేశారా బావగారూ."

ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను, కావాలని తొక్కలేదు. నమ్మేవాళ్లు తక్కువ.

ఖతీఫ్: చేప ముళ్లు

మర్నాడు దమ్మామ్ మ్యూజియానికి బయల్దేరాం. కొత్త కళ్లజోడు చేయించుకుందామంటే, "నా కళ్లు మీరే కదా ఇప్పుడు, పదండి" అన్నాడు. అక్కడినుంచి మొదలైంది నా శిక్ష.

కారు దిగితే చెయ్యి పట్టుకోవాలి. మెట్టు వస్తే చెప్పాలి. దుకాణాల బోర్డులు చదవాలి. దారిలో ఖతీఫ్ చేపల బజారు చూశాం. మన కాకినాడ రేవు గుర్తొచ్చింది, అరుపులు అవే, భాష వేరు. చేప మనం కొనుక్కుని పక్కనున్న హోటల్లో ఇస్తే, వాళ్లు మసాలా పట్టించి కాల్చి, పెద్ద పళ్లెంలో అన్నం మీద పడుకోబెట్టి తెచ్చిపెడతారు. అందరూ ఆ ఒక్క పళ్లెంలోనే తినాలి. ఎంగిలి గురించి మా ఊళ్లో నేను ఇచ్చిన ఉపన్యాసాలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆకలి ఎక్కువై ఆ సిగ్గు కూడా పోయింది.

"ముళ్లు కనపడట్లేదు బావగారూ" అన్నాడు వియ్యంకుడు చేతులు ఒళ్లో పెట్టుకుని.

నా పెళ్లైన కొత్తలో కూడా ఎవరికీ అంత శ్రద్ధగా ముళ్లు తీసి పెట్టలేదు. ఆయన తింటూ, "ఇక్కడి వర్తకులు గట్టివాళ్లండి. అలెగ్జాండర్ తర్వాత ఇంకో గ్రీకు రాజు నిజంగానే సైన్యంతో ఈ తీరానికి వచ్చాడు. మా స్వతంత్రం మాకు వదిలెయ్యి అని వెండీ సాంబ్రాణీ ఇచ్చి, మర్యాదగా ఓడ ఎక్కించి పంపేశారు" అని చెప్పాడు.

"చూశారా. నేను చెప్పేది అదే. తరిమేశారు."

"తరమలేదు. వ్యాపారం చేశారు. ఇంకో ముక్క వేయండి."

మౌలాలి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ పోట్లాడేది చూస్తే మా ఇంట్లో పెండ్లాం, నేనూ గుర్తొస్తాండాం సార్" అన్నాడు.

దమ్మామ్: ఇద్దరు బ్రహ్మచారులు

మ్యూజియం గుమ్మం దగ్గర గార్డు మమ్మల్ని ఆపాడు. మౌలాలితో ఏదో మాట్లాడాడు. మౌలాలి తల గోక్కుంటూ వచ్చాడు.

"ఈ పూట ఫ్యామిలీలకంట సార్. బ్యాచిలర్లను పంపరంట."

"బ్యాచిలర్లు ఎవరు?" అన్నాను.

"మీరే సార్."

నాకు డెబ్బై దాటాయి. పక్కనున్నాయన నాకంటే ఒక్క ఏడాది చిన్న. ఇద్దరికీ కలిపి ఉన్న పళ్లు ఒక మనిషికి సరిపోవు. ఆడవాళ్లు వెంట లేని మగవాళ్లు ఎవరైనా ఆ దేశంలో బ్యాచిలర్లే. హోటల్లో వేరే గుమ్మం, పార్కులో వేరే రోజు. మా ఊళ్లో గుళ్లో ఆడవాళ్ల వరస, మగవాళ్ల వరస వేరుగా ఉంటే మౌనంగా నిలబడ్డవాణ్ణి. ఇక్కడ నిలబడలేకపోయాను. నేను ఒక ఆడపిల్లకి పెళ్లి చేసినవాణ్ణని, మనవరాలు ఉందని, ఈయన నా వియ్యంకుడని తెలుగులో గట్టిగా చెప్పాను. గార్డు కుర్రవాడు మర్యాదగా విన్నాడు. చివరికి నీళ్ల సీసా ఇచ్చి, కుటుంబంతో రమ్మన్నాడు.

కారులో వియ్యంకుడి భుజాలు మళ్లీ కదులుతున్నాయి.

"నవ్వకండి. మీరూ బ్యాచిలరే" అన్నాను.

"నవ్వట్లేదండి. మీరు నా చెయ్యి పట్టుకుని, వాడి ముందు నిలబడి, మా సంబంధం ఏంటో తెలుసా అని అరిచారు. వాడేం అనుకున్నాడో అని ఆలోచిస్తున్నాను."

దమ్మామ్, రెండోసారి

గురువారం సుజాత పాపని ఎత్తుకుని మాతో వచ్చింది. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా వేసుకుని, పాల సీసాల సంచీ నా భుజానికి తగిలించి, "నేను లేకపోతే మీరిద్దరూ బ్రహ్మచారులేగా" అని ముందు నడిచింది. నిన్నటి గార్డే. పాపని చూసి తలుపు బార్లా తీశాడు. మూడో నెల పిల్ల, పేరు కూడా లేదు. దాని పరపతి ముందు మా ఇద్దరి నెరిసిన తలలు ఎందుకూ పనికిరాలేదు.

లోపల చల్లగా ఉంది. కుండపెంకులు, మట్టి ఒంటెలు, రాతి మీద గీతల్లాంటి అక్షరాలు. నేను ఒక్కొక్కటీ చదివి చెప్పాలి. అరబ్బీ కింద ఇంగ్లీషు రాసి ఉంది. నా ఇంగ్లీషు సైకిల్ సామాన్ల పెట్టెల మీద నేర్చుకున్నది, అయినా కూడబలుక్కున్నాను. ఒక్కో పెట్టె దాటుతుంటే నాకు ధైర్యం వచ్చింది. ఒంటెలు ఇక్కడివే. కుండలు ఇక్కడివే. ఇంకో గది దాటితే చాలు, అనసూయ.

గది చివర చిన్న గాజుపెట్టె. అందులో ఒక వెండి నాణెం, దాని రెండోవైపు తెలియడానికి పక్కనే అలాంటిదే ఇంకొకటి. వంగి చూశాను.

ఒకవైపు మగమనిషి ముఖం. నెత్తి మీద సింహం తల తోలు కప్పుకున్నాడు. నేను గ్రంథాలయం పుస్తకాల్లో ఆ బొమ్మని ఎన్నిసార్లు చూశానో. అలెగ్జాండర్ తన నాణేల మీద వేయించుకున్నది అదే. రెండోవైపు కుర్చీలో కూర్చున్న దేవుడు, చేతి మీద పక్షి. సందేహం లేదు. అచ్చు పక్కకి జరిగి పడిందేమో, సింహానికి ఒక చెవి తెగిపోయింది.

"ఏముంది బావగారూ?" అన్నాడు వియ్యంకుడు వెనకనుంచి.

సుజాత దూరంగా బెంచీ మీద పాపకి పాలు పడుతోంది. గదిలో ఇంకెవరూ లేరు. ఏదో పాత నాణెం, అరిగిపోయింది అంటే సరిపోతుంది. ఆయనకి కనపడదు. రేపు బియ్యం పళ్లెంలో నా భార్య పేరు. ఆ మాట నాలుక చివరదాకా వచ్చిందన్న సంగతి దాచను.

అప్పుడు నా మెడ వెనక కండువా బిగుసుకున్నట్టనిపించింది. పాల సంచీ పట్టీ దాని మీద పడి లాగింది, అంతే. అయినా వేరే ఎవరో లాగినట్టే ఉంది.

"ఒకడు సింహం తోలు కప్పుకున్నాడు" అన్నాను. "మా ఊళ్లో దసరాకి పులివేషం వేసేవాడిలా ఉన్నాడు."

ఆయన నా భుజం పట్టుకున్నాడు. "రెండోవైపు?"

"ఒకాయన కుర్చీలో కూర్చుని చేతి మీద చిలకని పెట్టుకున్నాడు. చిలక జోస్యం చెప్పేవాడేమో."

"చిలకా?"

"సర్లెండి. గద్ద. మీ గ్రీకు దేవుడే. మీరు గెలిచారు."

చెవి సంగతి చెప్పలేదు. ఓడినవాడు చెవులు కూడా లెక్కపెట్టాలా.

ఆయన గెంతుతాడనుకున్నాను. గెంతలేదు. "అక్షరాలు ఉన్నాయా?" అని అడిగాడు.

కింద రాసినది చదివాను. అక్షరాలు గ్రీకువి కావు. ఈ ప్రాంతపు పాత లిపి. పేరు కూడా ఇక్కడి పాలకుడిదే.

"అంటే గ్రీకులు వేసిన నాణెం కాదు" అన్నాడు.

"కాదు. సైన్యం రాలేదని నేను చెబుతూనే ఉన్నాను."

"బొమ్మ మాత్రం వాళ్లది. వచ్చిందని నేను చెబుతూనే ఉన్నాను."

ఇద్దరం గాజు మీద వంగి నిలబడ్డాం. యాభై ఏళ్లుగా నేను ఎవరు ఎవరికి నేర్పారని కొట్టుకుంటున్నాను. ఇక్కడ ఎవడో అరబ్బు రాజు, చేతికొచ్చిన నాణెం తిప్పి చూసి, బొమ్మ బాగుంది, ఉండనీ అనుకుని, కింద తన పేరు వేసుకుని బజార్లో చెల్లించేశాడు. ఎవరిని అడిగాడు? ఎవరికి సిగ్గుపడ్డాడు? ఆ ఆఫీసరు ఇప్పుడు ఎదురుపడితే, సైకిలుకి నిండా గాలి కొట్టి ఈ మాట చెప్పాలనిపించింది.

"బావగారూ" అన్నాడు వియ్యంకుడు. "పాప ముక్కు మాదని వచ్చిన రోజే చెప్పాను కదా."

"చెప్పారు. రోజూ చెబుతున్నారు."

"అయితే బొమ్మ మాది పడింది. పేరు మీది వేసుకోండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. "నాకు దానం అక్కర్లేదు. పందెం మీరు గెలిచారు. కామేశ్వరే పెట్టండి."

"గెలిచినవాడు ఇవ్వకూడదని షరతు పెట్టారా? మీ షరతులన్నీ నాకు గుర్తున్నాయి. కళ్లతో చూడాలన్నారు. అంతే కదా." ఆయన బెంచీ వైపు తిరిగాడు. "అమ్మా సుజాతా, మీ అమ్మ పేరు నీకు ఇష్టమేనా?"

సుజాత పాపని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. "మావయ్యగారూ, మీరు అలా అడుగుతారని తెలిస్తే మొదటి రోజే వచ్చేదాన్ని" అంది.

తిరుగు దారిలో నేను అలెగ్జాండర్‌ని ఒక్కసారి కూడా తిట్టలేదు. ఒంట్లో బాగాలేదా సార్ అని మౌలాలి రెండుసార్లు అడిగాడు.

జుబైల్: పళ్లెంలో బియ్యం

శుక్రవారం రవికి సెలవు దొరికింది. పక్క ఇళ్లలోంచి నలుగురైదుగురు తెలుగువాళ్లు వచ్చారు. పురోహితుడు లేడు. రాజమండ్రి నుంచి వియ్యపురాలు ఫోనులో చెబుతుంటే రవి చేశాడు. మౌలాలి స్వీట్ల డబ్బా తెచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. సుజాత అరిచి లోపలికి పిలిచింది.

వెండి పళ్లెంలో బియ్యం పరిచారు. పేరు రాయాల్సింది తండ్రి. రవి ఉంగరం తీసి వాళ్ల నాన్న చేతికిచ్చాడు. "మీ దస్తూరీ బాగుంటుంది, మీరు రాయండి నాన్నా."

చూపు ఆనని మనిషి బియ్యంలో ఏం గీస్తాడోనని నేను చెయ్యి పట్టుకోవడానికి ముందుకు జరిగాను. మూడు రోజుల అలవాటు. మా వియ్యంకుడు నా చెయ్యి పక్కకి తీసి, చొక్కా జేబులోంచి ఒక కళ్లజోడు తీశాడు. నేను తొక్కింది కాదు, ఇంకో పాతది, ఎక్కడా చీలిక లేదు. తుడిచి పెట్టుకున్నాడు. వంగి, గింజ చెదరకుండా, అచ్చు వేసినట్టు అనసూయ అని రాశాడు. రవి పాప చెవి దగ్గరికి వంగి ఆ పేరు పిలిచాడు. పాప తుమ్మింది. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. ఖతీఫ్‌లో తీసిన ముళ్లు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి.

"ఆ జోడు ఎప్పటినుంచి ఉంది జేబులో?" అని చెవిలో అడిగాను.

"రాజమండ్రిలో బయల్దేరినప్పటినుంచీ."

"అయితే మ్యూజియంలో..."

ఆయన ఉంగరం కొడుక్కి తిరిగిచ్చి, కళ్లజోడు సవరించుకుని, నా వైపు తిరిగాడు.

"మీరు వంగి చూస్తుంటే వెనకనుంచి నేనూ చూశాను బావగారూ. అంతా సరిగ్గానే చెప్పారు. మీ పులివేషంవాడికి ఒక చెవి లేదు. అదొక్కటే వదిలేశారు."